మెడెయిన్ యాత్ర, మా ఖర్చుల పద్దు

దక్షిణ అమెరికా అనగానే మనవాళ్లకు మాచుపిచ్చు, రియో గుర్తొస్తాయి. డాలస్‌లో అమ్మాయి దగ్గర ఉన్న రోజుల్లో మా ఇద్దరి మనసూ కొలంబియాలోని మెడెయిన్ మీదికి పోయింది. 1990ల మొదట్లో ప్రపంచంలోనే ఎక్కువ హత్యలు జరిగే నగరాల్లో ఒకటిగా పేరుపడ్డ ఊరు అది. కొండల మీది పేదల వాడలకు కేబుల్ కార్లు వేసి, లైబ్రరీలు కట్టి తేరుకుందని చదివాను. అలాంటి ఊరిని అక్కడివాళ్లు తిరిగే దారుల్లోనే తిరిగి చూడాలనిపించింది. పింఛను డబ్బుతో చేసే యాత్ర కనుక బడ్జెట్ ఎలాగూ తప్పదు. ఆ బడ్జెటే మమ్మల్ని ఊరికి దగ్గర చేసింది.

లెక్కలు డాలస్‌లో వంటింటి బల్ల మీదే మొదలయ్యాయి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా షెంగెన్ వీసా, ఇంకా ఆర్నెల్ల గడువుతో ఉంటే కొలంబియా మన పాస్‌పోర్టుకు విడిగా వీసా అడగదు. ఖర్చులో మొదటి మిగులు అదే. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు మరోసారి చూసుకోవాలి. ప్రయాణానికి ముందు నింపాల్సిన చెక్‌మిగ్ ఫారానికి ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. డబ్బు కట్టమని అడిగే సైట్లు వేరేవాళ్లవి. ఆగస్టులో పూల పండుగ, డిసెంబరులో క్రిస్మస్, ఈస్టర్ ముందు వారం గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. అవి తప్పించి తేదీలు పెట్టుకున్నాం. మయామీలో విమానం మారి వెళ్లాం.

"అమ్మా, అక్కడి డబ్బు లెక్క ముందే నేర్చుకో. సున్నాలు చూసి కంగారు పడతావు" అంది అమ్మాయి. మేం వెళ్లినప్పుడు డాలరుకు దాదాపు నాలుగు వేల పెసోలు. అంటే వెయ్యి పెసోలు మన ఇరవై రూపాయల పైచిలుకు. కొత్త నోట్ల మీద మూడు సున్నాల బదులు 'వెయ్యి' అని అక్షరాల్లోనే వేస్తారు. యాభై వేల నోటు మీద గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్, రెండు వేల నోటు మీద ఈ ఊరి చిత్రకారిణి దెబోరా అరాంగో ఉన్నారు. రచయితనూ చిత్రకారిణినీ జేబులో పెట్టుకు తిరిగే దేశమంటే వెళ్లకముందే నాకు గౌరవం కలిగింది.

విమానాశ్రయం నగరంలో లేదు. కొండకు అవతల రియోనెగ్రోలో ఉంది. 2019లో తెరిచిన ఎనిమిది కిలోమీటర్ల సొరంగం దాటి లోయలోకి దిగాలి. టాక్సీకి లక్ష పెసోలు దాటుతుంది, బస్సుకైతే ఇరవై వేలకు అటూఇటూ. పగటిపూట దిగాం, సామాను తక్కువ, బస్సే ఎక్కాం. రాత్రి దిగేవాళ్లు మాత్రం టాక్సీ డబ్బు పక్కన పెట్టుకోవాలి. భద్రత దగ్గర పొదుపు పనికిరాదు. ఏటీఎం విషయంలోనూ అంతే. వీధి మీదివి వదిలేసి షాపింగ్ మాల్ లోపలివి వాడాం. 'మీ కార్డు కరెన్సీలోకి మార్చమంటారా' అని మెషీన్ అడిగినప్పుడల్లా వద్దని నొక్కాలి. ఒప్పుకుంటే మారకం రేటు మనకు నష్టం.

గది ఎక్కడ తీసుకోవాలన్నది అసలు నిర్ణయం. కొలంబియా నగరాల్లో ప్రతి ఇంటికీ ఒకటి నుంచి ఆరు దాకా ఒక శ్రేణి ఉంటుంది. కింది శ్రేణులవాళ్లకు కరెంటు, నీళ్ల బిల్లుల్లో రాయితీ. పై శ్రేణులవాళ్లు ఆ రాయితీ కోసం అదనంగా కడతారు. విదేశీయులు ఎక్కువగా దిగే ఎల్ పొబ్లాదో పై శ్రేణి ప్రాంతం, అద్దెలూ అలాగే ఉంటాయి. మేం లౌరెలెస్‌లో దిగాం. చదునైన వీధులు, పెద్ద చెట్లు, సాయంత్రం పిల్లల్ని ఆడించే తాతయ్యలు. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉండడంతో ఏడాది పొడవునా ఒకే వాతావరణం. ఏసీ ఉన్న గదికి ఎక్కువ కట్టే అవసరమే లేదు. ఇంకో మాట: దేశంలో నివాసం లేని విదేశీ పర్యాటకులకు హోటల్ గది మీద 19 శాతం పన్ను మినహాయింపు ఉంది. పాస్‌పోర్టు మీద పడ్డ ముద్ర చూపించి అడిగాం, తీసేశారు. ఆ డబ్బు మా రెండు మూడు రోజుల భోజనానికి సరిపోయింది.

భోజనమంటే మధ్యాహ్న భోజనమే. ఆఫీసుల వాళ్లు, మేస్త్రీలు, టాక్సీ డ్రైవర్లు తినే చిన్న హోటళ్లలో పదిహేను ఇరవై వేల పెసోలకు పూర్తి భోజనం పెడతారు. ముందు వేడివేడి సూప్. తర్వాత ఒకే పళ్లెంలో అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర, నొక్కి వేయించిన పచ్చి అరటికాయ బిళ్లలు, కాస్త సలాడ్, పక్కన మొక్కజొన్న పిండితో కాల్చిన అరెపా రొట్టె, ఓ గ్లాసు పళ్లరసం. మేం మాంసం తినం. చిక్కుడు గింజల్లో పందిమాంసం వేసి ఉడికించడం అక్కడ మామూలు కాబట్టి ముందే అడిగేవాళ్లం. గది దగ్గరి హోటల్ నడిపే పెద్దావిడ మా కోసం విడిగా తీసిపెట్టడం మొదలుపెట్టింది. మాంసం బదులు ఓ గుడ్డు, సగం అవకాడో వేసి, మావారి పళ్లెం ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడేది. భాష రాకపోయినా వడ్డించే చేయి మాట్లాడుతుందని ఆవిడ దగ్గర తెలిసింది.

పళ్లెం పక్కన ఓసారి అగ్వాపనేలా పెట్టింది. బెల్లం నీళ్లలో నిమ్మరసం. మిరియాలు, యాలకులు లేని శ్రీరామనవమి పానకమే! మావారు రెండో గ్లాసు అడిగారు. వీధుల్లో సన్నగా తరిగిన పచ్చి మామిడికాయ మీద ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి ఇస్తారు. పెద్ద మార్కెట్లో లక్ష్మణఫలం, జామ, గ్రనదీయా కొనుక్కుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. కాస్త పెద్ద రెస్టారెంట్లలో బిల్లు తెచ్చేటప్పుడు పది శాతం సర్వీస్ కలపమంటారా అని అడుగుతారు. చట్టప్రకారం అది మన ఇష్టం. మేం ఎక్కడా వద్దనలేదు.

ఇక ఊరు. 1995లో మొదలైన మెట్రో ఈ నగరానికి ప్రాణం. మేం వెళ్లినప్పుడు ఒక్కో ప్రయాణం డాలరు కన్నా తక్కువే. రైలు పెట్టెలో చెత్త ముక్క ఉండదు, గీతలు ఉండవు, ఎవరూ తినరు. అసెవెదో స్టేషన్‌లో దిగి, అదే టికెట్ మీద కేబుల్ కార్‌లోకి మారితే శాంతో దొమింగో కొండ మీదికి తీసుకుపోతుంది. 2004లో వేసిన మార్గం ఇది. కొండ దిగి పనికి పోవడానికి అవస్థ పడే కుటుంబాల కోసం వేశారు. మా గొండోలాలో కూరగాయల సంచితో ఓ ఇల్లాలు, స్కూలు యూనిఫామ్‌లో ఇద్దరు పిల్లలు. కింద రేకుల కప్పులు, ఆరేసిన బట్టలు, డాబా మీద పడుకున్న కుక్క, అంత దగ్గరగా. పర్యాటకుల కోసం కట్టింది కాదు కాబట్టే అది మా యాత్రలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది. పైన అర్వీ అడవికి పోవాలంటే మాత్రం ఇంకో లైనుకు విడిగా టికెట్ కొనాలి.

కొమూనా 13 వాడలో 2011లో పెట్టిన ఎస్కలేటర్లు ఎక్కడానికి డబ్బులివ్వక్కర్లేదు. ఆ ఇరుకు మెట్ల మీద నీళ్ల బిందెలు, గ్యాస్ బండలు మోసిన జనానికి ఇప్పుడు ఆకాశం కింద కదిలే మెట్లు. అక్కడే పుట్టి పెరిగిన ఓ కుర్రాడిని గైడుగా పెట్టుకున్నాం. 2002 అక్టోబరులో సైన్యం ఆ వాడ మీదికి వచ్చినప్పుడు తాను చిన్నపిల్లాడినని, మంచం కింద దాక్కున్నామని చెప్పాడు. బేరం ఆడలేదు, అనుకున్న దానికన్నా ఎక్కువే ఇచ్చాం. ఒకప్పటి మాదకద్రవ్యాల ముఠా నాయకుడు ఎస్కోబార్ పేరుతో నడిచే టూర్లకు మాత్రం మా పద్దులో ఒక్క పెసో రాయలేదు. ఆ హింసలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల కథ కోసం జ్ఞాపకాల మ్యూజియానికి వెళ్లాం. ప్రవేశం ఉచితం.

నగరం నడిబొడ్డున బొతేరో చౌకులో ఈ ఊరి బిడ్డ ఫెర్నాందో బొతేరో ఇచ్చిన 23 కంచు శిల్పాలు ఆరుబయటే ఉన్నాయి. పిల్లలు ఎక్కి కూర్చుంటారు. అక్కడి నుంచి కాస్త నడిస్తే శాన్ ఆంతోనియో పార్కు. 1995లో అక్కడ సంగీత కార్యక్రమం జరుగుతుండగా బొతేరో చేసిన పక్షి శిల్పంలో బాంబు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఛిద్రమైన పక్షిని తీయొద్దని పట్టుబట్టి, పక్కనే మరో నిండు పక్షిని నిలబెట్టాడు ఆయన. చీలిన కంచు రేకులు బయటికి వంగి ఉన్నాయి, లోపల అంతా డొల్ల. దాని పీఠం మీద చనిపోయినవాళ్ల పేర్లు. "ఏమండీ, దీనికి టికెట్ పెట్టినా కొనేవాళ్లం" అన్నాను. "అందరూ చూడాలనే టికెట్ పెట్టలేదేమో" అన్నారు మావారు.

ఊరి బయటికి ఒక్క యాత్రే చేశాం. ఉత్తరం బస్టాండు నుంచి రెండు గంటల్లో గ్వతపే. టూర్ బస్సుకు కాక మామూలు బస్సుకు టికెట్ తీసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. పెన్యోల్ బండ మీదికి ఏడు వందల పైచిలుకు మెట్లు. జలవిద్యుత్తు కోసం 1970ల్లో కట్టిన జలాశయం పైనుంచి చూస్తే నీలంగా, అందంగా ఉంది. దాని కింద పాత పెన్యోల్ ఊరు మునిగిపోయింది. శ్రీశైలం ముంపు ఊళ్లు ఎరిగినవాళ్లం, ఆ అందాన్ని చూస్తూ ఆ ఇళ్లను తలచుకోకుండా ఉండలేకపోయాం.

ఎవరైనా వెళ్తామంటే నేను చెప్పే లెక్క ఇది. విమానం, గది ముందే తేల్చుకోండి, మొత్తంలో పెద్ద వాటా ఆ రెండిటిదే. గది కాకుండా ఇద్దరికి రోజుకు రెండు లక్షల పెసోలు, అంటే మేం వెళ్లినప్పటి రేటుకు యాభై డాలర్లు అనుకుంటే మా లాంటి వాళ్లకు హాయిగా సరిపోతుంది. దానిపైన అయిదో వంతు అత్యవసరానికి ఉంచండి. పొదుపు చేయాల్సింది గదిలో, పగటిపూట టాక్సీలో, మారకంలో. వడ్డించే మనిషి దగ్గర, దారి చూపే మనిషి దగ్గర చేయి బిగించొద్దు. మెడెయిన్ తన సొమ్మును ఎవరి కోసం ఖర్చు పెట్టిందో చూడాలంటే కావలసింది ఒక మెట్రో కార్డు, నడిచే ఓపిక. ఆ రెండూ మన తాహతులోనివే.