మా సైకిలు దారి

పర్చూరు చుట్టూ నేల బల్లపరుపు. నల్లరేగడి, పత్తి, మిర్చి. సైకిలు తొక్కేవాడికి ఎత్తంటే ఏమిటో తెలియాలంటే చిలకలూరిపేట దాటి కొండవీడు పోవాలి.

ఫ్రాన్సులో 1903లో మొదలైన సైకిలు పందెం 1910 నుంచి పిరనీస్ కొండలెక్కుతోంది. పాత కోటలూ పల్లెలూ దాటుతుంటే దారి పొడుగునా చప్పట్లు. మా సైకిలుకి చప్పట్లు లేవు. మేం దూదేకులోళ్లం. మా నాయనల సైకిలు వెనక దూదేకే విల్లుండేది. "పరుపుల సాయిబూ!" అని ఏ ఇంటివాళ్లు కేకేస్తే ఆ గుమ్మంలో ఆగేవాళ్లు.

ఇప్పుడు అదే రోడ్డు మీద మేం కోట చూడ్డానికి పోతున్నాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగి నెట్టుకుంటూ ఎక్కుతాం. పైన రెడ్డిరాజుల గోడలు, చెరువులు. 1515లో కృష్ణదేవరాయలు ఈ కోట గెలిచాడు. తర్వాత గోల్కొండ ఏలుబడిలో ఇది ముర్తుజానగర్ అయింది. చెప్పేవాళ్లు రాయలది విజయమంటారు, గోల్కొండది దండయాత్రంటారు. ఆ మాట దగ్గర చూపులన్నీ మావైపు తిరుగుతాయి.

గోల్కొండ సుల్తాను మాకేమవుతాడు? రాజెవడైనా మా చేతికి విల్లే. పేరు చూసి వీళ్లు పరాయివాళ్లంటారు. ఉర్దూ రాదని వాళ్లు సగం ముస్లింలంటారు. సర్కారు కాగితంలో మాత్రం బి.సి.-బి.

ఎక్కడివాళ్లని మమ్మల్నెందుకడుగుతారు? ఈ రోడ్డు పక్క ఊళ్లలో పాత పరుపులు విప్పి చూడండి. మీ చేలో పత్తి, మా చేతి కుట్టు.