జీర్ణోద్ధరణ

పాత వీణకు మెట్లు కట్టేవాడికీ, ఆగిపోయిన గోడగడియారాన్ని నడిపించేవాడికీ లోకంలో ఒక మర్యాద ఉన్నది. తాళపత్రాలకు నూనె రాసి కాపాడేవాడిని పండితుడనే పిలుస్తారు. కాని నాణెం మింగి ఆట ఆడించే పెట్టెను, అందులోనూ నలభై ఏళ్లనాటి దానిని, ఇంటికి తెచ్చుకొని బాగుచేయబూనినవాడిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుతారు. ఆ నవ్వు అకారణమని చెప్పలేము. చిరకాలం నిలవాలని ఆ పెట్టెను చేసినవారు తలచలేదు. కొన్నేళ్లు కాసులు రాల్చి, కొత్త ఆట రాగానే మూలకు తప్పుకోవలసిన వస్తువది. నిలవడానికి చేయని దానిని నిలపడం ఎట్లా అన్నదే ఇక్కడి చిక్కు.

ఈ జాతి యంత్రాల చరిత్రలో మొదటి మరమ్మతు కథ చాలా సుళువైనది. 1972లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అనే ఊరి పానశాలలో అటారీ సంస్థవారు పాంగ్ అనే ఆటయంత్రాన్ని నిలిపారు. కొద్దిరోజులకే అది పనిచేయడం లేదని కబురు వచ్చింది. నిర్మించిన ఇంజనీరు ఆలన్ ఆల్‌కార్న్ వెళ్లి తెరచి చూస్తే లోపల చెడినదేమీ లేదు. వేసిన నాణేలు పట్టక పెట్టె పొంగిపోయింది, అంతే. డబ్బు తీసివేస్తే రోగం కుదిరింది. తరువాతి వైద్యులెవరికీ అంత సుఖమైన రోగి దొరకలేదు.

1980లో జపానులోని నామ్‌కో సంస్థలో తోరు ఇవతాని అనే యువకుడు పాక్‌మాన్ ఆటను రూపొందించాడు. గబగబ నోరాడిస్తూ తినడాన్ని జపానువారు ‘పకుపకు’ అంటారు. ఆటలోని పసుపుపచ్చని గుండ్రటి నోటికి ఆ ధ్వనినుండే పేరు పుట్టింది. గబగబ, కరకర, చప్పచప్ప అనే మాటలకు కొదవలేని తెలుగువారికి ఈ నామకరణం వింతగా తోచదు. అమెరికాలో దానిని షికాగో ప్రాంతపు మిడ్‌వే సంస్థ తయారుచేసి అమ్మింది. బజారు కొట్లలో, భోజనశాలలలో, బట్టలుతికే దుకాణాలలో ఎక్కడ చూచినా మనిషెత్తు పచ్చని పెట్టె నిలబడి ఉండేది.

అటువంటి దుకాణంలోనే 1982లో ఒక తెలుగు యువకుడు దానిని చూచాడు. గుంటూరు జిల్లానుండి ఇల్లినాయ్ రాష్ట్రానికి పైచదువుకు వెళ్లినవాడు. వారానికొకసారి బట్టలు మూటగట్టుకొని అక్కడికి పోయేవాడు. జేబులో లెక్కపెట్టి తెచ్చుకున్న పావు డాలరు నాణేలు, ఉతకడానికి కొన్ని, ఆరబెట్టడానికి కొన్ని. ఆనాటి మారకంలో ఒక్కొక్కటి రెండు రూపాయల పైమాట. ఆటపెట్టె అడిగేదీ అదే నాణెం. ఆడితే బట్టలు తడిగానే ఇంటికి మోసుకుపోవాలి. రెండేళ్లపాటు ఇతరులు ఆడుతుండగా వెనుక నిలబడి చూచాడేగాని ఒక్కసారి కూడ ఆడలేదు. ఏ దెయ్యం ఏ మలుపులో ఎటు తిరుగుతుందో మాత్రం కంఠపాఠమయింది.

ఉద్యోగం విరమించిన మరుసటి సంవత్సరం ఆయన ఒకరి కొట్టంలో దుమ్ముపట్టి పడిఉన్న పాక్‌మాన్ యంత్రాన్ని కొన్నాడు. అది చచ్చిన యంత్రం. మీట వేస్తే దీపం వెలగదు, బొమ్మ రాదు. అడుగున తేమ తగిలి, రంపపుపొట్టుతో అదిమి చేసిన చెక్క అటుకులవలె ఉబ్బిపోయింది. ఆయన చదివినది వంతెనల విద్య. టంకం పట్టుకొని ఎరుగడు.

కొత్తగా చేపట్టిన ప్రతివాడికీ మొదట కలిగే కోరిక ఒక్కటే: కడిగి, గీకి, రంగువేసి, కొత్తది చేయాలని. దానికి సాధనాలు ఇప్పుడు బజారులో పుష్కలంగా ఉన్నాయి. పక్కల మీద వేసే బొమ్మలు, అంచులకు తొడిగే ప్లాస్టిక్ పట్టీ, ముందరి అద్దం అన్నీ కొత్తవి అచ్చువేసి అమ్ముతారు. పాత సర్క్యూట్ పలకను తీసివేసి అరచేతిలో పట్టే మరొక పలక బిగించవచ్చు. గాజు పిక్చర్ ట్యూబు స్థానంలో పల్చని తెర అమర్చవచ్చు. ఒక్క ఆదివారంలో పని పూర్తి. మన పల్లెలలో జీర్ణోద్ధరణ పేరిట జరిగేది కూడ కొన్నిచోట్ల ఇదే కదా: చెక్కడపు స్తంభాలకు మందంగా సున్నం కొట్టి, దాని మీద ఎర్రటి ఎనామిల్ పూసి, గుడి బాగుపడిందని ఊరివారు సంతోషిస్తారు. శిల్పం లోపల ఊపిరాడక ఉంటుంది.

ఆయన అదృష్టవశాత్తు అదే ఊరిలో ఒక వృద్ధుడు దొరికాడు. పాటలపెట్టెలూ, నాణెపు ఆటయంత్రాలూ బాగుచేస్తూ జీవితం గడిపిన అమెరికన్. వెనుక తలుపు తీసి, చేతిదీపం పట్టి చాలాసేపు చూచి, “ఇవాళ దీనికి మీరు చేయవలసినది ఏమీ లేదు” అన్నాడట. “కరెంటు కూడ ఇవ్వవద్దు. ఏ తీగ ఎక్కడనుండి ఎక్కడికి పోతున్నదో కాగితం మీద రాసుకోండి. తరువాత నన్ను పిలవండి.” ఆ రాతకు మూడు వారాలు పట్టింది. మొదటి పాఠం ఇంత నీరసంగా ఉన్నందుకు ఆయన నొచ్చుకున్నాడేగాని మానలేదు.

ఆ నిషేధంలో ప్రాణరక్షణ కూడ ఉన్నది. పాత పిక్చర్ ట్యూబు నడుస్తున్నప్పుడు దాని మీది రబ్బరు మూత కింద ఇరవై వేల వోల్టుల చేరువగా విద్యుత్తు ఉంటుంది. తీగ గోడనుండి ఊడదీసినా అది అంతటితో పోదు. గాజులో దాగి ఉండవచ్చు. అందుచేత చేయి పెట్టే ముందు ఇనుప చట్రానికి తీగతో కలిపిన స్క్రూడ్రైవరును ఆ మూత కిందికి పోనిచ్చి, దాగిన విద్యుత్తును దించివేయాలి. ఆ పని చేసేటప్పుడు రెండవ చేయి వీపు వెనుక పెట్టుకొమ్మని అనుభవజ్ఞులు చెబుతారు. ఒక చేతినుండి మరొక చేతికి విద్యుత్తు పారితే దారిలో ఉన్నది గుండె. ఇక ఆ ట్యూబు మెడ సన్నని గాజు. కాస్త బలంగా కదిపితే విరుగుతుంది. ఈ యంత్రాలకు సరిపడే రంగుల ట్యూబులను ఇప్పుడు తయారుచేసేవారు లేరు. విరిగినదానితో లెక్క ఒకటి తగ్గుతుంది.

తక్కిన చికిత్స ఓర్పుతో కూడినదేగాని కఠినం కాదు. ఈ యంత్రంలో ఒక విశేషమున్నది. అడుగున ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ సుమారు ఏడు వోల్టుల విద్యుత్తును పంపితే, చిప్‌లకు కావలసిన అయిదు వోల్టులను సర్క్యూట్ పలక తానే తయారుచేసుకుంటుంది. ఆ భారమంతా పలక అంచునున్న సన్నని పళ్ల మీదుగా పోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ అవి వేడెక్కి మాడుతాయి; పాక్‌మాన్ పలకలలో మాడిన పళ్లు లేనిది అరుదు. ఆయన మీటరు పెట్టి చూస్తే అయిదుకు బదులు నాలుగున్నరే వచ్చింది. మాడిన పళ్లను పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో తోమి, తొడుగు మార్చి, సాకెట్లలో వదులైన చిప్‌లను ఒక్కొక్కటే తీసి కాళ్లు శుభ్రంచేసి తిరిగి గుచ్చాడు. బొమ్మను అలలవలె వంకరపెడుతున్న ఎండిన కెపాసిటర్లను పదిహేను దాకా మార్చాడు. వాటికి ధనఋణ దిక్కులున్నాయి, తిప్పిపెడితే పగులుతాయి. ఆట పుల్ల కింది స్పర్శరేకులు నల్లబడితే గీకుదామని ఆకురాయి తీసుకున్నాడు. ముసలాయన దానిని మెల్లగా చేతిలోనుండి లాక్కొని, విజిటింగు కార్డు ఒకటి మద్యసారంలో తడిపి రేకుల నడుమ నాలుగుసార్లు ఇటూఅటూ లాగాడు. నలుపు కార్డుకు అంటుకొని వచ్చింది, రేకు మీది పూత రేకు మీదనే ఉండిపోయింది.

కరెంటు ఇచ్చిననాడు తెర నిండా అర్థంలేని అక్షరాలూ అంకెలూ చెల్లాచెదరుగా కనబడ్డాయి. ఆయన గుండె జారింది. మరుక్షణం గళ్లగళ్ల వల ఒకటి మెరసి, పిదప అంతా సర్దుకున్నది. అది రోగం కాదు; నిద్రలేచిన యంత్రం తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకునే పద్ధతి.

అయితే అసలు సమస్య బొమ్మ రాకముందునుండీ కళ్లయెదుటనే ఉన్నది. కరెంటు లేనప్పుడు కూడ ఆ గాజు మీద పాక్‌మాన్ చిక్కుదారి బూడిదరంగులో స్పష్టంగా కనబడుతుంది. ఒకే బొమ్మ ఏళ్ల తరబడి రాత్రింబగళ్లు అదే చోట వెలగడం వలన లోపలి పూత అక్కడ అలసి మాడిపోయింది. ఏ మందుకూ అది పోదు. కావాలంటే పాత టెలివిజన్ ఒకటి తెచ్చి దాని ట్యూబు ఇందులోకి మార్చవచ్చునని ముసలాయన చెప్పాడు. తానే చేసి పెడతానన్నాడు. మచ్చలేని తెర వస్తుంది.

ఆయన నెలరోజులు జవాబు చెప్పలేదు. రాత్రులు దీపమార్పి ఆ గాజు ముందు కుర్చీ వేసుకొని కూర్చునేవాడని భార్య చెబుతుంది. ఆ మచ్చ ఎవరిదో ఒకరిది కాదు. ముక్కూమొగం తెలియని వేలమంది వేసిన నాణేల వెలుగు అక్కడ పేరుకున్నది. ఒకప్పుడు వారి వీపుల వెనుకనుండే ఆయన ఆట చూచాడు. చివరికి ట్యూబు మార్చవద్దనే చెప్పాడు. ముసలాయన ఏమీ అనక, ఉన్న ట్యూబు రంగులనే సవరించి పోయాడు.

ఈ పట్టుదల అందరికీ నచ్చదు, నచ్చనక్కరలేదు కూడ. కాని ఆ ఆటలోనే ఒక దృష్టాంతమున్నది. అంకాలను లెక్కపెట్టే అంకె ఎనిమిది బిట్లది. 255 దాటి పట్టదు. అందుచేత 256వ అంకం రాగానే లెక్క తప్పి, తెర కుడిభాగమంతా అక్షరాల చెత్తతో నిండి ఆట ముందుకు సాగదు. దోషమేమిటో, దిద్దడమెట్లాగో అందరికీ తెలుసు. అయినా పాత యంత్రాన్ని నిలపదలచినవారు దాని జోలికి పోరు. ప్రాచీన ప్రతిలోని వింతపాఠాన్ని మూలంలో దిద్దక అడుగున సూచించి ఊరుకునే పరిష్కర్తల మర్యాద వంటిదే ఇదీను. అనువాదకులలో కొందరికి ఈ నిగ్రహం ఇంకా అలవడవలసి ఉన్నది.

యంత్రమిప్పుడు ఇంటి నేలమాళిగలో నిలబడి ఉన్నది. మనుమలు వచ్చిననాడు భార్య అడిగింది:

“ఏమండీ, నాణెం లేకుండా ఆడే ఏర్పాటు దీనిలో లేదా?”

“ఉంది. లోపల చిన్న మీటలున్నాయి, ఒకటి మారిస్తే చాలు.”

“మరి మార్చరేం? పసివాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకుంటారా?”

“డబ్బు నేనే ఇస్తానులే. వేయడం మాత్రం వాళ్లు వేయాలి.”

ఆయన బట్టలు ఇంట్లోనే ఉతుక్కోవడం మొదలుపెట్టి ఎన్నో ఏళ్లయినది గనుక పావు డాలర్ల కోసం బ్యాంకుకు పోవలసివచ్చింది. కాగితపు చుట్ట ఒకటి విప్పి ఇత్తడి గిన్నెలో పోసి యంత్రం మీద పెట్టాడు. మొదటి నాణెం ఆయనే వేశాడు. దెయ్యాల దారులన్నీ తెలిసినవాడు మూడు ప్రాణాలూ రెండు నిమిషాలలో పోగొట్టుకున్నాడు. మనుమడు పక్కకు జరగమన్నాడు; ఆయన జరిగి, వాడి వెనుక నిలబడ్డాడు.

ఉబ్బిన చెక్కను కిందివరకు కోసి కొత్తముక్క అతికించాడు గాని, ఎడమపక్క పచ్చరంగు మీద ఎవరో మేకుతో గీసిన మూడక్షరాల సంగతి ఇంకా తేలలేదు. భార్య రంగువేయమంటుంది. డబ్బా తెచ్చి మెట్ల కింద పెట్టాడు; దాని మూత ఇప్పటికీ తీయలేదు.