వెనక్కి ఒక అడ్డగీత

సుమ్మాదేవిలో ప్యాసింజర్లే ఆగుతాయి. పలాస దాటిన ఎక్స్‌ప్రెస్ మా స్టేషన్ కేసి చూడకుండా మందస రోడ్డు వైపు పోతుంది. ఇంట్లో కూర్చుని దూరదేశపు సర్వర్ మీద పనిచేసే నాకు ఫోల్డర్ల ప్రయాణం మొదట్లో ప్యాసింజరే. సీడీ అనే ఆజ్ఞ, రెండు చుక్కలు, ఎంటర్ కొడితే ఒక ఫోల్డర్ పైకి. మళ్లీ సీడీ, రెండు చుక్కలు. "ఒక్క బొమ్మయినా లేదేటి బాబూ ఇందులో" అంటుంది మా పెద్దమ్మ ఆ నల్ల తెర చూసి.

అడ్డదారులు చాలా ఉన్నాయి. సీడీ అని ఊరుకుంటే సొంత ఫోల్డర్‌కు చేరతాం. ఆ ఫోల్డర్‌కు అలగీత గుర్తు ఎలా వచ్చిందంటే, వీఐ ఎడిటర్ రాసిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో 'హోమ్' మాటా ఆ గీతా ఒకే మీట మీద ఉండేవి. నాకు ఇష్టమైంది మాత్రం సీడీ పక్కన అడ్డగీత. ఇంతకుముందున్న చోటికి తీసుకుపోతుంది, మళ్లీ కొడితే ఇక్కడికి తెస్తుంది. దానికి గుర్తుండేది ఒక్క చోటే. లాగ్‌లకీ సెట్టింగులకీ మధ్య తిరిగేవాడికి అంతకన్నా ఏం కావాలి? పుష్‌డీ, పాప్‌డీ అనే ఆజ్ఞలు ఎన్ని చోట్లనైనా దొంతరగా గుర్తుంచుకుంటాయి. కానీ తిరిగి రావాలని బయల్దేరేముందే తెలియాలి కదా! అందుకే వాటిని మెచ్చుకునేవాళ్లే ఎక్కువ, వాడేవాళ్లు తక్కువ. సీడీపాత్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ల జాబితా పెడితే ఎక్కడినుంచైనా పేరు చెప్పి దూకొచ్చు. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం స్క్రిప్టులు దారి తప్పుతాయి.

ఈ సీడీ పూర్వపు పేరు సీహెచ్‌డిర్. బెల్ ల్యాబ్స్‌లో పీడీపీ-7 మీద యూనిక్స్ పుట్టిన రోజుల్లో అది ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందట. కోడంతా చదివినా తప్పు దొరకలేదు. యూనిక్స్ నిర్మాతల్లో ఒకడైన డెనిస్ రిచీ, యూనిక్స్ పరిణామంపై రాసిన వ్యాసంలో ఈ కథ చెప్పాడు. అప్పుడే ఫోర్క్ వచ్చింది, అంటే మన ఆజ్ఞలు అందుకునే షెల్ ప్రతి ఆజ్ఞకూ ఓ పిల్ల ప్రాసెస్‌ని పుట్టిస్తుంది. ఆ పిల్ల చక్కగా ఫోల్డర్ మారి, పని ముగించి చచ్చిపోయేది. తల్లి షెల్ ఉన్నచోటే ఉండేది. చివరికి ఆ ఆజ్ఞను షెల్‌లోనే కలిపేశారు.

స్క్రిప్టులో సీడీ రాసి, నడిపాక తామెక్కడికీ కదల్లేదేమని అడిగే కుర్రాళ్లకు నేటికీ జవాబు అదే. సొంత అడ్డదారి కావాలంటే స్క్రిప్టుగా కాక ఫంక్షన్‌గా రాసి షెల్ మొదలవగానే చదివే బాష్‌ఆర్‌సీలో పెట్టుకోవాలి.