మిలాను నగరమున కాఫీ యంత్రము

ఇటలీ దేశపు ఉత్తరభాగముననున్న మిలాను నగరమున మా అమ్మాయి కాపురముండుటచే, నాకు ఆ యూరిలో రెండు మాసములు నివసించు అవకాశము కలిగినది. చలువరాతి శిఖరములతో ఆకాశము నంటుచున్నట్లుండు డుయోమో అను మహాదేవాలయమును, దాని ప్రక్కనే 1877లో పూర్తియైన గాజుకప్పు అంగడివీధిని చూచితిని. కాని సోదరీమణులకు నేను చెప్పదలచినది వానినిగూర్చి కాదు. ఆ యూరి కాఫీని గూర్చియు, మా అమ్మాయి వంటయింట చెడిపోయిన యొక చిన్న యంత్రమును గూర్చియు చెప్పెదను.

అచ్చటివారు మనవలె గ్లాసెడు కాఫీ త్రాగరు. అంగడి బల్లయొద్ద నిలువబడి, చిన్న గిన్నెలో రెండు మూడు గుక్కలు త్రాగి తమ పనికి బోవుదురు. కూర్చుండి త్రాగినచో తఱచుగా వెల హెచ్చు. దానికి ఎస్ప్రెస్సో అని పేరు. మన ఫిల్టరులో డికాషను తనంతట తాను బొట్లు బొట్లుగా దిగును. ఇందులో నట్లు గాదు. సుమారు 7 గ్రాముల పొడిని గట్టిగా నదిమి, 90 డిగ్రీలకు పైబడిన వేడినీటిని, వాతావరణపు ఒత్తిడికి దాదాపు 9 రెట్ల ఒత్తిడితో దానిగుండ త్రోయుదురు. అరనిమిషములో తేనెవన్నె నురుగుతో కాఫీ సిద్ధమగును. ట్యూరిను నగరవాసి ఆంజెలో మొరియొండో 1884లో ఆవిరితో కాఫీ చేయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1901లో మిలానువాడగు లుయీజి బెజ్జెరా దానిని మెరుగుపరచి ఒక్కొక్క గిన్నెకు వేఱుగా కాఫీ దిగునట్లు చేసెను. పైని నురుగు మాత్రము, అదే యూరి అకిల్లె గాజ్జా రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్రచారములోనికి తెచ్చిన యంత్రములవలన లభించినది.

మా అమ్మాయి తన మొదటి జీతముతో కొనుక్కొన్న చిన్న యంత్రమొకటి వారి యింట నున్నది. ఒకనాటి యుదయమున దాని పిడిచుట్టును నీరు కారజొచ్చెను. గిన్నెలోనికి పలుచని కాఫీ బొట్లుగా దిగెను. “బాగుచేయించు ఖర్చుకు మఱికొంత చేర్చిన క్రొత్తదే వచ్చును, అత్తయ్యగారూ! దీనిని పారవేయుదము” అని అల్లుడుగారనిరి. అమ్మాయి యేమియు ననక, దానిని తుడిచి మరల యథాస్థానమున బెట్టెను.

మావారు జీవించియున్న దినములలో, ఇంట స్టవ్వు మొదలు కుళాయివఱకు ఏది చెడినను వారే బాగుచేసెడివారు. నేను దీపము పట్టుకొని నిలిచెడిదానను. వారు గతించిన నాలుగేండ్లనుండి, చెడిన వస్తువును అటకెక్కించుటయే నాకలవాటైనది.

మఱునాడు వారిద్దరును పనికి బోయిన పిమ్మట, యంత్రము నెదుట బెట్టుకొని కూర్చుంటిని. విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీసి, ఆవిరి గొట్టమును తెఱచి లోని ఒత్తిడిని విడిచి, పూర్తిగా చల్లారువఱకు ఆగితిని. ఆవిరి పోకముందు కుక్కరు మూత తీయరాదని మనమెఱిగినదే. పిడిని తీసి క్రిందినుండి చూడగా, జల్లెడవంటి బిళ్లయు, దానిచుట్టును రబ్బరు వలయమును కనబడెను. వ్రేలితో నొక్కగా రబ్బరు రాయివలె నుండెను. నాకు నవ్వు వచ్చెను. ఇది మన కుక్కరు గాస్కెట్టు వంటిదే కదా! బిళ్ల నడుమనున్న మరమేకును విప్పి, స్క్రూడ్రైవరు మొనతో ఆ రబ్బరును మెల్లగా పెల్లగించితిని.

దానిని చేతిరుమాలలో చుట్టుకొని, గ్వార్నిత్సియోనె అను నొక్క మాట నేర్చుకొని, వీధిమొగనున్న ఇనుపసామానుల అంగడికి బోయితిని. అంగడిలోని వృద్ధుడు దానిని కొలిచెను. వెలుపలి వ్యాసము 73 మిల్లీమీటర్లు, మందము 8. సొరుగునుండి క్రొత్తది తీసి, ఏ ప్రక్క పైకుండవలెనో చేతితో చూపెను.

తిరిగి వచ్చునపుడు వీధిలోని ఆకుపచ్చని పోతయినుప కుళాయియొద్ద దాహము తీర్చుకొంటిని. ఇట్టివి ఆ నగరమున పెక్కు గలవు. సన్నని ధారగా ఎడతెగక నీరు కారుచుండును. ఆ ధారను కన్నీటితో బోల్చి, ఊరివారు వానిని “చిన్న వితంతువులు” అందురు. ఆ సంగతి అమ్మాయి చెప్పిననాడు నా మనస్సు చివుక్కుమన్నది. ఈనాడు మాత్రము, దారినబోవు పిల్లలు దోసిళ్లు పట్టి త్రాగుచుండగా చూచి, పేరేదైన నేమి, దప్పిక తీర్చుచున్నది కదా యనుకొంటిని.

ఆ నీరు భూగర్భమునుండి తోడినది. అందు సున్నపు పాలు గలదు. మన నీళ్లబిందె అడుగున తెల్లని పొర కట్టునట్లే, యంత్రపు లోపలి పాత్రలోను కట్టును. కావున జల్లెడబిళ్లను తోమి, క్రొత్త రబ్బరును సమముగా నమర్చి బిగించిన పిమ్మట, లీటరు నీటిలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కరగించి పోసితిని. సగము పాఱనిచ్చి, పావుగంట ఆగి, తక్కినదియు పాఱనిచ్చి, రెండుసారులు మంచినీటితో కడిగితిని. లోపలి పాత్ర అల్యూమినియముదైనచో పులుపు నెక్కువసేపు నిలుపరాదు; యంత్రముతో వచ్చిన పుస్తకమును ముందుగా చదువవలెను. విద్యుత్తు తీగలుండు భాగమును మాత్రము తెలిసిన పనివానికే విడువవలెను.

సాయంకాలము అమ్మాయి చేతికి నురుగుతోకూడిన గిన్నె నిచ్చితిని. “ఎవరు బాగుచేసిరమ్మా?” అని యడిగెను. “నేనే” అంటిని. అది యొక గుక్క త్రాగి, గిన్నెను చేత నుంచుకొనియే, చాలసేపు నావంక చూచెను.

సోదరీమణులారా! యంత్రము పరదేశపుదైనను, దాని మర్మము మన వంటయింటిదే. నేను దీపము పట్టుకొని నిలిచిన యేండ్లన్నియు వ్యర్థములు కావని నాకప్పుడు తెలిసినది. ఊరు చేరిన మఱునాడే అటకమీది మిక్సీని క్రిందికి దింపితిని.