గిరినార ప్రదక్షిణ: సంకల్పము, సామర్థ్యము

ప్రదక్షిణమనగా ఆరాధ్యమూర్తిని కుడివైపున నిలుపుకొని చుట్టూ నడచుట. ఆలయంలో ఇది కొన్ని నిమిషాల పని. అరుణాచలంలో సుమారు 14 కిలోమీటర్లు, ఒక రాత్రి. సౌరాష్ట్రంలోని గిరినార పర్వతానికి చేసే ప్రదక్షిణ మాత్రం 36 కిలోమీటర్ల అరణ్యమార్గం. మధ్యలో మూడు నిటారైన ఎక్కుడులు; చుట్టూ సింహాలు, చిరుతపులులు సంచరించే అడవి. గుజరాతీలు దీనిని లీలీ పరిక్రమ అంటారు. లీలీ అనగా పచ్చనిది. వానలు వెనుకపట్టి అడవి ఇంకా పచ్చదనం విడువని కాలంలో, కార్తిక శుద్ధ ఏకాదశి మొదలు పూర్ణిమ వరకు ఇది జరుగుతుంది. సుమారు 179 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 2008లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ కొద్ది దినాలకు లక్షలాది జనం భవనాథ మహాదేవుని సన్నిధి నుండి బయలుదేరి, అడవిని చుట్టి, తిరిగి అక్కడికే చేరుతారు.

జైనులకు ఇది నేమినాథ తీర్థంకరుని నిర్వాణభూమి. దత్తభక్తులకు శిఖరంపై గురుపాదుకలున్న క్షేత్రం. పిఠాపురంలో శ్రీపాద శ్రీవల్లభులను, కృష్ణాతీరంలో కురువపురాన్ని సేవించే తెలుగువారికి గిరినారం పేరు వినగానే పదివేల మెట్లు గుర్తుకు వస్తాయి. 2020లో రజ్జుమార్గం వచ్చిన తరువాత అంబాజీ గుడి వరకు ఆ శ్రమ తగ్గింది. పరిక్రమకు అటువంటి సౌకర్యమేదీ లేదు. పాదాలే వాహనం.

గోదావరి మండలానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు ఈ పరిక్రమకు పథకం వేసుకున్న తీరు చెప్పదగినది. అన్నగారు విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు, వయస్సు 67. రెండేళ్ళ క్రితం హృద్రోగం వచ్చి స్టెంటు వేశారు. ఆసుపత్రిలో ఉండగా ఆయన దత్తస్వామికి మొక్కుకున్నారు. తమ్ముడు బ్యాంకులో పనిచేసి వచ్చినవాడు. ఏ పనికైనా కాగితం మీద గళ్ళు గీసేవాడు. అన్నగారి పట్టు వేరు. పాదరక్షలు లేకుండా, ఏకాదశి నిరాహారంగా, అర్ధరాత్రి అందరితోపాటు బయలుదేరి రెండు రోజులలో ముగించాలని ఆయన అభిలాష. తమ్ముడు గళ్ళకాగితం ముందు పెట్టగానే, "స్వామి దగ్గరకు వెళ్ళడానికి లెక్కలేమిటిరా?" అన్నారు.

ఈ ప్రశ్న చాలామంది భక్తుల మనస్సులో ఉంటుంది. అయితే సంకల్పం చెప్పేటప్పుడు మనం చేసేదేమిటి? ఏ ద్వీపం, ఏ వర్షం, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ తిథి, ఏ వారం, ఎవరు, ఎందుకు అని ఒక్కొక్కటీ ఉచ్చరిస్తాం. దేశకాలకర్తలను నిర్ణయించిన తరువాతనే కర్మ. అది లెక్క కాక మరేమిటి? నిత్యం సంకల్పం చెప్పే ఇంటిలోనే ప్రయాణానికి లెక్క అక్కరలేదనే మాట పుట్టడం ఒక వింత.

మీమాంసకులు కర్మాధికారానికి కోరిక ఒక్కటే చాలదన్నారు. అర్థిత్వంతోపాటు సామర్థ్యం కావాలి. జైమిని ఆరవ అధ్యాయంలో చర్చ అంతా దీని చుట్టూనే. ఆజ్యాన్ని చూడలేని అంధుడు, విష్ణుక్రమాలు నడవలేని పంగువు యాగాధికారులా కారా అని అక్కడ విచారించారు. అక్కడే మరొక సూక్ష్మమున్నది. నిత్యకర్మలో శక్తి చాలనప్పుడు కొన్ని అంగాలు లోపించినా ప్రధానం చేయవచ్చు. కామ్యకర్మ అలా కాదు, సర్వాంగాలూ ఉండవలసినదే. అన్నగారు ఈ శాస్త్రం తెలిసినవారు గనుక దానినే ఆయుధం చేసుకున్నారు. "మొక్కు కామ్యం. అంగం వదిలితే ఫలం లేదు. చెప్పులు వేసుకోను, అన్నం తినను."

తమ్ముని వద్ద దీనికి జవాబు లేకపోయింది. జవాబు చెప్పినది ఆయన ధర్మపత్ని. ఆసుపత్రిలో ఆ మొక్కు విన్నది ఆమె ఒక్కరే. "మీరు ఆ రోజు అన్న మాట నాకు గుర్తుంది. 'దత్తయ్యా, నీ కొండ చుట్టూ తిరిగి వస్తాను' అన్నారు. చెప్పుల మాట లేదు, ఉపవాసం మాట లేదు, ఈ ఏడే అనలేదు. తిరిగి వస్తానని మాత్రం అన్నారు. మొక్కు మీరు మొక్కుకొని భయపడే పని నాకు వదిలారు."

శాస్త్రదృష్టితో చూచినా ఆమె మాటకు తిరుగులేదు. సంకల్పంలో చేరనిది దాని అంగం కాదు. తరువాతి ఉత్సాహంలో చేర్చుకున్న నియమాలు వ్రతాన్ని గొప్ప చేయవు; బరువు మాత్రం చేస్తాయి. పండితులకు ఇది త్వరగా తోచదు, ఇంటివారికి తోస్తుంది.

ఆ తరువాత గళ్ళకాగితం మళ్ళీ తెరిచారు. భవనాథం నుండి జీనాబావా మఢీ 12 కిలోమీటర్లు. అక్కడి నుండి మాళవేల 8, బోర్‌దేవి 8, తిరిగి భవనాథం 8. అన్నగారు పంచాంగం తీశారు. ఏకాదశి నాడు జునాగఢ్‌లోనే పాలు, పండ్లతో ఉపవాసం. క్షీరాబ్ధి ద్వాదశి ఉదయం పారణ చేసి నడక ప్రారంభం. ద్వాదశి రాత్రి జీనాబావా, త్రయోదశి మాళవేల, చతుర్దశి బోర్‌దేవి, పూర్ణిమకు భవనాథం. నాలుగు మజిలీలు నాలుగు తిథులకు సరిపోయాయి. తిథిక్షయం వస్తే ఈ పొందిక చెడుతుంది గనుక ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం పంచాంగం చూచుకోవాలి.

చుట్టుదారిలో ఒక కిటుకున్నది. సాధారణ యాత్రలో అలసిపోతే వెనుదిరగవచ్చు. ఇక్కడ మాళవేల చేరేసరికి వెనుకకు 20 కిలోమీటర్లు, ముందుకు 16. అక్కడ కష్టమనిపిస్తే వెనుదిరగడమే ఎక్కువ దూరం. నల్‌పానీ ఎక్కుడు అప్పటికి ఇంకా ముందే ఉంటుంది. కనుక నిర్ణయస్థలం జీనాబావా మఢీ. అక్కడ వెనుకకు 12, ముందుకు 24. ఛాతీలో బరువు, ఎడమచేతి నొప్పి, మాట్లాడుతూ నడవలేనంత ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగడం, సహాయకేంద్రానికి చెప్పడం, వెనుకకు రావడం. దారిలో గుండెపోటుతో ప్రాణాలు పోయిన సంఘటనలు ఇటీవలి సంవత్సరాలలో ఉన్నాయి. ఆయనను చూచే వైద్యుడు పరీక్షలు చేసి, నడవవచ్చు గాని తొందర వద్దు, ఒంటరిగా వద్దు అన్నారు. శ్రావణం నుండే అన్నవరం మెట్లు వారానికి రెండుసార్లు, మొదట ఉత్త చేతులతో, ఆపై వీపున సంచితో ఎక్కడం మొదలుపెట్టారు.

వాన విషయం తమ్మునికి తోచలేదు, అన్నగారికి తోచింది. భవనాథానికి వెళ్ళే దారిలోనే అశోకుని శిలాశాసనమున్నది. ఆ రాతి మీదనే రుద్రదాముని సంస్కృత శాసనం కూడా ఉన్నది. శకవర్షం 72, మార్గశీర్ష బహుళ పాడ్యమి నాటి తుపానుకు ఈ కొండ నుండి దిగిన సువర్ణసికతా, పలాశినీ నదులు పొంగి సుదర్శన తటాకం తెగిపోయిందని అందులో చెక్కారు. పూర్ణిమాంతంగా లెక్కిస్తే అది కార్తిక పూర్ణిమ మరునాడే. అమాంతమైతే మరొక నెల తరువాత. ఎట్లైనా వానలు వెళ్ళాయనుకున్న కాలమే. 2025లో అకాలవర్షాలకు దారి బురదమయమై పరిక్రమ రద్దయింది. కనుక సంచిలో వానకోటు చేరింది. రద్దయితే పాదుకాదర్శనం చేసుకొని రావాలని, మొక్కు మరుసటి ఏటికి నిలిపి ఉంచాలని కాగితంలో వ్రాసుకున్నారు.

మిగిలినవి త్వరగా తేలాయి. దారి పొడుగునా అన్నసత్రాలుంటాయి గనుక వంటసరుకు వద్దు. అడవిలో ప్లాస్టిక్ నిషిద్ధం, నీటికి రాగి చెంబు, స్టీలు సీసా. రాత్రి చలికి ఒక్కొక్క కంబళి. తోలు కాని గుడ్డబూట్లు. చీకటి పడిన తరువాత నడవరాదు, గుంపు విడువరాదు, దారి వదలి చెట్లలోకి పోరాదు. 2023లో ఇదే పరిక్రమలో ఒక బాలికను చిరుత పొట్టన పెట్టుకుంది. అడవి ఆ మృగాలది. యాత్రికులు ఐదు దినాల అతిథులు.

జీనాబావా వద్ద ఆగవలసిన లక్షణాలను తమ్ముడు కాగితంలో వ్రాయబోతే అన్నగారు కలం తీసుకొని స్వహస్తంతో వ్రాసి, క్రింద సంతకం చేశారు. సికింద్రాబాదు నుండి రాజకోటకు రైలు, అక్కడి నుండి సుమారు 100 కిలోమీటర్లు బస్సు. తిరుగుప్రయాణం పూర్ణిమ తరువాత రెండు రోజులు విడిచి నిర్ణయించారు. ఆమె మందుబిళ్ళలను రెండు పొట్లాలుగా కట్టి, ఒకటి ఆయన సంచిలో, రెండవది మరిది సంచిలో పెట్టింది.