ఓవెన్ కాయిల్ కత్తిరించే ముందు

మా తమ్ముడు కరెంటు పిజ్జా ఓవెన్ విప్పి కూర్చున్నాడు. నిక్రోమ్ కాయిల్ కొంచెం కత్తిరిస్తే వేడి పెరుగుతుందా అని అడిగినాడు. పెరుగుతుంది. కాయిల్ సగం చేస్తే రెసిస్టెన్సూ సగమై, 2000 వాట్లది 4000 లాగుతుంది. 230 వోల్టుల మీద అంటే 17 ఆంపియర్ల పైమాటే. 16 ఆంపియర్ల సాకెట్టు తట్టుకోదు. మిగిలిన తీగలో అంగుళం అంగుళానికీ నాలుగింతల వేడి పుట్టి, పుటుక్కున తెగుతుంది.

ఓవెన్ వేడి చాలకపోవడానికి అసలు లోటు వోల్టేజీది. 190కి పడిపోతే ఓవెన్ వేడిలో దాదాపు మూడో వంతు పోయినట్టే. తిరుమణి చుట్టూ 2050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న పావగడ తాలూకాలోనే సాయంత్రమైతే వోల్టేజీ పడి మా ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, బాధేస్తుంది.

కాయిల్ జోలికి పోవద్దురా, ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడు, పిజ్జా కాల్చే రాయిని అరగంట బాగా కాగనీ అని చెప్పినాను.