ఏ గడిలో రాయను?

భూములకీ, ఇళ్లకీ విలువ కట్టడం నా వృత్తి. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు, తాకట్టు పెడుతున్న ఆస్తి ఎంత చేస్తుందో చూసి రాసివ్వాలి. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి అరకు వెళ్లి రావడం నాకు అలవాటే. అయినా టేపు పట్టుకుని నేను జీపు దిగగానే "సార్ రాలేదా?" అని నా వెనక్కి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మొదట్లో మా రిపోర్టులు ఉత్తరాల్లా ఉండేవి. ఎవరి పద్ధతి వాళ్లది. 2011లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్, ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ కలిసి విలువ కట్టే పద్ధతుల మీద ఒక చేతిపుస్తకం తెచ్చాయి. 2017లో కంపెనీల చట్టం కింద రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనలు వచ్చాయి. క్రమంగా ఉత్తరం పోయి ఫారం వచ్చింది. యజమాని పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, ఎవరి స్వాధీనంలో ఉంది, చుట్టుపక్కల అమ్మకాల ధరలు, మార్కెట్ విలువ, బలవంతంగా అమ్మితే వచ్చే విలువ... అన్నిటికీ గడులే.

తోటి వాల్యుయర్లు చాలామంది విసుక్కున్నారు. ఇన్నేళ్ల అనుభవాన్ని గడుల్లో కుక్కమంటే ఎలా అన్నారు. నేను విసుక్కోలేదు. అనుభవం అనే మాట చాటున ఎన్ని పరిచయాలు, టీకొట్టు దగ్గర బ్రోకర్లతో ఎన్ని బేరాలు నడిచాయో నాకు తెలుసు. ఆ టీకొట్టు దగ్గర నాకెప్పుడూ చోటు లేదు. ధర పెంచి రాయమని ఒత్తిడి చేసినవాళ్లతో "ఆధారం చూపించండి, ఫారం అడుగుతోంది" అనగలగడం ఫారం వచ్చాకే సాధ్యమైంది. ఒక స్త్రీ మాటకి లేని బరువు అచ్చు కాగితానికి ఉండటం అవమానమే. అయినా ఆ బరువుని నేను వాడుకున్నాను.

కానీ ఘాట్ ఎక్కాక ఆ ఫారమే తడబడుతుంది. 1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనలకు 1970లో సవరణ వచ్చింది. మనం 1/70 అంటున్నది దాన్నే. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల మీద నడిచిన సమత కేసులో, ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'చుట్టుపక్కల అమ్మకాలు' అన్న గడిలో రాయడానికి చాలాసార్లు ఏమీ దొరకదు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ దీనికో దారి చూపింది. అమ్మకాల మీద ఆంక్షలున్న చోట, ఆనుకుని ఉన్న ప్రాంతాల్లో అదే రకం భూమి ధరను బట్టి ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలి. అంటే కొండకి ధర మైదానం చెప్పాలన్నమాట!

ఆ ధరలో ఏముంటుంది? సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలుంటే ఎన్నో లెక్కపెట్టి రాస్తాను. చలికాలమంతా నడుముకి బుట్ట కట్టుకుని పండిన కాయని ఒక్కొక్కటే కోసే ఆడవాళ్ల చేతులకి గడి లేదు. హద్దు అన్నచోట 'తూర్పు: గెడ్డ' అని రాస్తాను. ఆ గెడ్డ నుంచే ఇంటికి నీళ్లు మోస్తారు. దాని పైనున్న అడవి నుంచి అడ్డాకులు, కొండచీపుళ్లు, చింతపండు తెచ్చి సంతలోనో, గిరిజన సహకార సంస్థకో అమ్ముతారు. గెడ్డ ఫారంలో హద్దుగానే ఆగిపోతుంది, బతుకుగా లెక్కకి రాదు.

కొన్నేళ్ల కిందట ఒక లాడ్జి విలువ కట్టడానికి వెళ్లాను. మరో ఆరు గదులు కట్టడానికి అప్పు కావాలట. యజమాని పేరు ఉన్న గడిలో ఒక గిరిజన స్త్రీ పేరుంది. గదులు చూపించిందీ, లెక్కలు చెప్పిందీ, ఫోన్లో బ్యాంకుతో మాట్లాడిందీ మైదానం నుంచి వచ్చిన ఒకాయన. నలభై ఏళ్లామె టీ తెచ్చి పెట్టి, చీపురు తీసుకుని పక్క గదిలోకి వెళ్లింది. ఫొటోకి యజమాని కావాలన్నాను. ఆయన ఆమెనే పిలిచాడు.

"ఈ స్థలం మీదేనా అమ్మా?" అని అడిగాను.

ఆయన వైపు ఓసారి చూసి, "కాగితం నా పేరునే ఉందమ్మా" అంది.

గిరిజనేతరులు గిరిజన స్త్రీల పేర భూములు కొనడం ఏజెన్సీలో పాత కథే. కొన్నిచోట్ల పెళ్లి పేరుతో, కొన్నిచోట్ల ఆ పేరైనా లేకుండా. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనులదేనని, కాదంటే అతనే రుజువు చేసుకోవాలని 1/70 అంటుంది. ఆమె పేరు అడ్డుపెట్టుకుంటే ఆ ప్రశ్నే రాదు. పైగా ఇక్కడ అప్పు కూడా ఆమె పేరునే వస్తుంది. గల్లాపెట్టె ఆయనది, బాకీ ఆమెది. రేపు కట్టలేకపోతే వేలంలో ఆ స్థలం మరో గిరిజనుల పేరుకే పోవాలి. ఆ పేరు వెనక ఇంకెవరుంటారో!

'ఎవరి స్వాధీనంలో ఉంది' అన్నచోట ఫారం రెండే జవాబులిచ్చింది: యజమాని, అద్దెదారు. రెండూ నిజం కాదు. చివర్లో రిమార్కుల కోసం వదిలిన రెండు లైన్లలో, వ్యాపారం నడుపుతున్నది యజమాని కాదని, 1/70 ప్రకారం బ్యాంకు విచారించుకోవాలని రాశాను. గేటు దగ్గర ఆమెతో మాత్రం, "సంతకం పెట్టేముందు మీవాళ్లెవరితోనైనా చదివించుకోండి, ఈ అప్పు మీదవుతుంది" అన్నాను. ఆమె తల ఊపింది. నాలుగు రోజులకి బ్యాంకు నుంచి ఫోన్. "మేడం, ఫారం అడగని దానికి జవాబెందుకు? విలువ రాసిస్తే చాలదా?" ఆ రెండు లైన్లూ నేను తీయలేదు. ఆ శాఖ నుంచి మళ్లీ నాకు పని రాలేదు. నా రాత ఆమెకు మేలు చేసిందో కీడు చేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ లాడ్జి మూతబడితే ముందు పోయేది ఆమె కూలే.

ఫారాలన్నీ ఇలాగే ఉంటాయా అంటే, ఉండనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నిబంధనలు వచ్చాయి. వాటిలోని ఫారం-ఎ లో మొదటి గడి హక్కు కోరేవారి పేరు, రెండో గడి భార్య లేక భర్త పేరు. పెళ్లయినవాళ్లకి పట్టా ఇద్దరి పేరా ఇవ్వాలని చట్టమే చెప్పింది. ఊరి పెద్దల మాట, పాత బావి, శ్మశానం కూడా సాక్ష్యంగా చెల్లుతాయి. ఆ పట్టా వల్ల పెత్తనం ఆడవాళ్ల చేతికి వచ్చేసిందని అనను. ట్రంకుపెట్టె తాళం ఇంకా మగవాళ్ల దగ్గరే ఉన్న ఇళ్లు చూశాను. కానీ "ఇందులో నా పేరెక్కడుంది?" అని ఒక ఆడమనిషి వేలుపెట్టి అడగడానికి ఒక చోటు దొరికింది. తమాషా ఏమిటంటే, ఆ పట్టా భూమిని అమ్మకూడదు కాబట్టి నా ఫారం లెక్కలో దాని విలువ సున్నా.

కథల్నీ నవలల్నీ స్త్రీల వైపు నుంచి చదవడం మనం నేర్చుకున్నాం. అప్పు కాగితాన్ని కూడా అలా చదవాల్సిన అవసరం ఉందనిపిస్తుంది. ఈ వృత్తిలో ఉన్న నాకు రెండు గడులు చాలు. ఈ భూమి మీద ఎవరు పనిచేస్తున్నారు? దీని మీద వచ్చే డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? వాటితోపాటు, సంతకానికి ముందు ఆ కాగితం ఆమెకి తెలిసిన భాషలో చదివి వినిపించాలన్న ఒక షరతు. అవి వచ్చేదాకా రిమార్కుల్లో ఆ రెండు లైన్లూ రాస్తూనే ఉంటాను.